ఇంటర్నెట్టు పిలుపు: పంచాయతీ తెలిసికొనవలసిన సంగతులు

కోనసీమ గ్రామములలో కువైట్టు, మస్కట్టు, దుబాయి పేర్లు వినని యిల్లు అరుదు. రాజోలు, అమలాపురము, కొత్తపేట ప్రాంతములనుండి ఎందరో స్త్రీ పురుషులు ఉపాధికై గల్ఫు దేశములకు వెళ్ళియున్నారు. ఒకప్పుడు వారి క్షేమసమాచారము ఉత్తరములో వచ్చెడిది. పిమ్మట టెలిఫోను బూతులో నిమిషమునకు ఇంతయని చెల్లించి మాట్లాడెడివారు. నేడు అరుగుమీద కూర్చున్న తల్లి చేతిలోని ఫోనులో కుమార్తె ముఖము చూచుచు మాట్లాడుచున్నది. దీనికి వేరుగ రుసుము లేదు. ఇంటర్నెట్టుకు చెల్లించిన సొమ్మే చాలును. ఇట్టి పిలుపు ఎట్లు సాగును? పంచాయతీ దీనిని ఏ మేరకు వినియోగించుకొనవచ్చును? ఏ వేళ దీనిని నమ్మరాదు?

మాట ప్రయాణము చేయు విధము

పాత టెలిఫోను పద్ధతిలో ఇద్దరు మాట్లాడుచున్నంతసేపు వారి కొరకే ఒక దారి కేటాయింపబడి యుండెడిది. ఒక్క పడవ కొరకు కాలువనంతయు ఆపి ఉంచుట వంటిది ఇది. ఇంటర్నెట్టు పద్ధతి వేరు. మాటను ఫోను అంకెలుగా మార్చి, చిన్న చిన్న మూటలుగా కట్టి, ప్రతి మూటపై చిరునామా వ్రాసి పంపును. సాధారణముగా సెకనుకు 50 మూటలు బయలుదేరును. ధవళేశ్వరము దిగువ కాలువలలో పలువురి సరకు పడవలు ఒకదాని వెనుక నొకటి సాగినట్లే, ఈ మూటలు వేలమంది ఇతరుల మూటలతో కలిసి ఒకే మార్గమున పోవును. ఆలస్యముగ చేరిన మూట పనికిరాదు. అందువలననే సిగ్నలు బలహీనమైనచోట మాట తెగిపోవుచుండును. నోటినుండి వెడలిన మాట అవతలివాని చెవికి చేరుటకు సెకనులో 150 వేయవ వంతులకు మించి పట్టినచో సంభాషణ ఇబ్బందియగును.

పాత పద్ధతిలో మాటకు సెకనుకు 64 వేల బిట్లు కావలసి యుండెను. 2012లో ప్రమాణముగా వెలువడిన ‘ఓపస్’ విధానమున దాదాపు 20 వేల బిట్లతోనే మాట స్పష్టముగ వినబడును. పల్లెలలోని కొద్దిపాటి ఇంటర్నెట్టుతో కూడ మాట్లాడగలుగుట దీని ఫలమే.

ఆప్‌లో పిలుపును చేర్చుట

ఒక ఆప్‌లో ఈ సౌకర్యము నేర్పరచుటకు నాలుగు పనులు జరుగవలెను. మొదటిది, ఫోను తాను ఎచ్చట నున్నదో సర్వరునకు తెలిపి నమోదు చేసికొనుట. రెండవది, ఆప్ మూసియున్నప్పటికి పిలుపు రాగానే ఫోనును మేల్కొలుపుట. బ్యాటరీని పొదుపు చేయుటకై ఫోను ఆప్‌లను నిద్రపుచ్చును గనుక, ఈ ఏర్పాటు లేనిచో గంట మ్రోగదు. మూడవది, రెండు ఫోనులకు నేరుగా దారి దొరకనప్పుడు మాటను అందుకొని చేరవేయు మధ్యవర్తి సర్వరు. నాలుగవది, మామూలు టెలిఫోను నంబరునకు పిలుపును కలుపు ద్వారము. దీనిని లైసెన్సు గల సంస్థయే నిర్వహింపవలెను.

మన దేశములో ఇంటర్నెట్టు టెలిఫోను 2002 ఏప్రిల్ 1 నుండి అనుమతింపబడినను, దానినుండి దేశములోని మామూలు ఫోనుకు మాట్లాడుటకు వీలులేకుండెను. 2018 జూనులో ప్రభుత్వము నిబంధనలను స్పష్టపరచిన పిమ్మట, జూలైలో బి.ఎస్.ఎన్.ఎల్. ‘వింగ్స్’ అను ఆప్ సేవను ప్రకటించెను. అంతకు ముందే, 2016 డిసెంబరులో, సఖినేటిపల్లి మండలములోని మోరి గ్రామమున రాష్ట్ర ఫైబర్‌నెట్ సేవ ప్రారంభమయ్యెను. ఒకే తీగపై ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును ఇంటికి చేర్చుట దాని ఉద్దేశము. గల్ఫులో మాత్రము అన్ని ఆప్‌లు పనిచేయవు. సంయుక్త అరబ్ ఎమిరేట్సులో అనుమతి పొందిన వాటితోనే మాట్లాడవలెను. అచ్చటికి వెళ్ళువారు ఈ సంగతిని ముందే తెలిసికొనుట మేలు.

నమ్మరాని వేళలు

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను తాకిన తుపాను కొబ్బరి తోటలను నేలకూల్చి, వందలాది ప్రాణములను బలిగొనెను. అట్టి వేళ కరెంటు పోవును, టవరు నిలిచిపోవును, తీగ తెగును. 2022 మే నెలలో అమలాపురములో అల్లర్లు జరిగిన పిమ్మట కోనసీమలో ఇంటర్నెట్టు అనేక దినములు నిలిపివేయబడెను. ఇంటర్నెట్టు లేనినాడు ఇంటర్నెట్టు పిలుపు లేదు. కావున తుపాను హెచ్చరికకు దీనినొక్కదానినే ఆధారము చేసికొనరాదు. దండోరా, మైకు, 112 నంబరు, ఇంటింటికి తిరుగు మనుష్యులు – ఇవి ఎన్నటికిని ఉండవలెను.

మరియొక ప్రమాదము మోసగాండ్రది. పోలీసులమని వీడియోలో కనబడి, ‘డిజిటల్ అరెస్టు’ చేసితిమని బెదిరించి సొమ్ము గుంజువారు కలరు. చట్టములో అట్టి అరెస్టు లేదు. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు తెలుపవలెను. విదేశమున కుమారుడుండి ఒంటరిగ నున్న వృద్ధులకు ఈ మాటను వార్డు సభ్యుడే స్వయముగ చెప్పుట మంచిది.

అడుగవలసిన ప్రశ్నలు

పిలుపు సౌకర్యము గల ఆప్‌ను పంచాయతీకి తయారుచేసి యిచ్చెదమని ఎవరైన వచ్చినచో, తీర్మానము చేయుటకు ముందు సభ్యులు ఇట్లు ప్రశ్నింపవలెను:

1. ఆప్ మూసియున్నప్పుడు గంట మ్రోగునా?
2. సిగ్నలు సన్నగిల్లిన లంకగ్రామములో మాట వినబడునా? అచ్చటనే మాట్లాడి చూపగలరా?
3. మామూలు ఫోను గల రైతుకు పిలుపు చేరునా? చేర్చు సంస్థకు లైసెన్సు కలదా?
4. మాటలను మూడవ వ్యక్తి వినకుండ కట్టుదిట్టము కలదా? గ్రామస్థుల నంబర్లు ఎవరి వద్ద నుండును?
5. సర్వరు ఖర్చు ఏటేట ఎంత? దానిని ఎవరు భరింతురు?

ఈ ప్రశ్నలకు సూటిగా సమాధానము రానిచో తీర్మానమును వాయిదా వేయుటయే ఉచితము. అందరివద్దను ఇప్పటికే ఉన్న ఆప్‌తోనే వార్డు వారీగ బృందములు ఏర్పరచుకొనుట అనేక గ్రామములకు చాలును. దానికి పంచాయతీ నిధినుండి ఒక్క రూపాయియు అక్కరలేదు. లంకలోని వృద్ధురాలికి కువైట్టులోని బిడ్డ మాట చేరినట్లే, పంచాయతీ మాటయు ఆమెకు చేరిననాడు ఈ సాధనము సార్థకమైనట్లు భావింపవచ్చును.