రాష్ట్రపతితో, ప్రధానితో ప్రమాణం చేయించేది ఎవరు? ఆ వ్యక్తి అందుబాటులో లేకపోతే ఎలా?

ఎన్నికల్లో గెలిచినంత మాత్రాన పదవి చేతికొచ్చినట్టు కాదు. ప్రమాణం చేశాకే బాధ్యతలు మొదలవుతాయి. మరి ఆ ప్రమాణం ఎవరు చేయించాలి? గెలిచిన నేత తనకు నచ్చిన వారిని పిలుచుకోవచ్చా? చేయించాల్సిన వారు ఆ సమయానికి దేశంలోనే లేకపోతే?

రాష్ట్రపతితో ఎవరు చేయిస్తారు?

రాజ్యాంగంలోని ఆర్టికల్ 60 ప్రకారం భారత ప్రధాన న్యాయమూర్తి (సీజేఐ). ఆయన లేకపోతే అందుబాటులో ఉన్న సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో అందరికంటే సీనియర్. 1950 జనవరి 26న తొలి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌తో సీజేఐ హరిలాల్ కనియా ప్రమాణం చేయించారు. 2022 జులై 25న ద్రౌపదీ ముర్ముతో చేయించింది తెలుగువారైన జస్టిస్ ఎన్వీ రమణ.

దిగిపోతున్న రాష్ట్రపతి కూడా ఆ వేదికపైనే ఉంటారు. ప్రమాణం పూర్తయ్యాక పాత, కొత్త రాష్ట్రపతులు కుర్చీలు మారతారు. అయినా ప్రమాణం చేయించే అధికారం మాత్రం పాతవారికి లేదు. రాష్ట్రపతి చేసే ప్రమాణంలో ముఖ్యమైన మాట రాజ్యాంగాన్ని కాపాడతానన్నది. ఆ మాట తీసుకునే పని రాజ్యాంగానికి అర్థం చెప్పే కోర్టు పెద్దకే అప్పగించారు.

సీజేఐయే రాష్ట్రపతి కావాల్సి వస్తే?

అదీ జరిగింది. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రపతి ఎన్నికల్లో పోటీ చేసేందుకు ఆయన జులై 20న రాజీనామా చేయడంతో రెండు పదవులూ ఖాళీ. అలాంటప్పుడు సీజేఐ బాధ్యతలు చూడాలని పార్లమెంటు ఆ మేలోనే చట్టం చేసింది. దాంతో సీజేఐ హిదయతుల్లా ఆగస్టు 24 వరకు తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్నారు. తాత్కాలికంగా ఆ స్థానంలోకి వచ్చేవారికీ ప్రమాణం తప్పనిసరి. సీజేఐ తనతో తానే ప్రమాణం చేయించుకోలేరు కదా! ‘సీనియర్ న్యాయమూర్తి’ అన్న మాట అక్కరకొచ్చేది ఇలాంటప్పుడే.

మరి ప్రధాని సంగతి?

ప్రధానితో, కేంద్రమంత్రులతో రాష్ట్రపతి ప్రమాణం చేయించాలని ఆర్టికల్ 75 చెబుతోంది. ఇక్కడ ‘లేకపోతే ఫలానా వారు’ అన్న మాట లేదు. అయితే రాష్ట్రపతి విదేశాల్లో ఉన్నా, అనారోగ్యంతో ఉన్నా ఆ విధులు ఉపరాష్ట్రపతి నిర్వర్తించేందుకు ఆర్టికల్ 65 వీలు కల్పిస్తోంది.

1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగినప్పుడు రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ యెమెన్ పర్యటనలో ఉన్నారు. ఆయన హుటాహుటిన ఢిల్లీకి తిరిగొచ్చి, ఆ సాయంత్రమే రాజీవ్‌గాంధీతో ప్రమాణం చేయించారు.

పేరు రాయకపోతే ఏమవుతుంది?

అమెరికా రాజ్యాంగంలో ప్రమాణ పాఠం ఉంది కానీ, ఎవరు చేయించాలో లేదు. అక్కడా సాధారణంగా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తే చేయిస్తారు. అది ఆనవాయితీ మాత్రమే. 1923లో అధ్యక్షుడు హార్డింగ్ మరణించినప్పుడు ఉపాధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ సొంతూళ్లో ఉన్నారు. నోటరీ అయిన ఆయన తండ్రే ఇంట్లో అర్ధరాత్రి దాటాక ప్రమాణం చేయించారు. 1963లో కెన్నెడీ హత్య తర్వాత లిండన్ జాన్సన్ విమానంలోనే జిల్లా జడ్జి సారా హ్యూస్ ముందు ప్రమాణం చేశారు.

ఆపద సమయంలో ఆ వెసులుబాటు పనికొచ్చింది. కానీ గెలుపోటములపై గొడవ నడుస్తున్నప్పుడు ‘ఎవరు చేయించినా చెల్లుతుంది’ అంటే ఎవరికి వారే ఒకరిని పిలుచుకుని ప్రమాణం చేసేసే ప్రమాదం ఉంది. మన రాజ్యాంగం హోదాను ముందే రాసిపెట్టి ఆ దారి మూసేసింది.

రాష్ట్రాల్లో ఎలా?

గవర్నర్‌తో ఆ రాష్ట్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ముఖ్యమంత్రితో గవర్నర్ ప్రమాణం చేయిస్తారు. సీజేఐతో ప్రమాణం చేయించేది మళ్లీ రాష్ట్రపతే. అంటే రాష్ట్రపతితో మాట తీసుకునే పదవిలోని వారు కూడా రాష్ట్రపతి ముందు మాట ఇవ్వాల్సిందే.

వేదిక ఎక్కడన్నది మాత్రం రాజ్యాంగం చెప్పలేదు. రాష్ట్రపతి భవన్ ఆవరణైనా, స్టేడియమైనా ఫర్వాలేదు. చేయించేవారిని ఎంచుకునే వీలు మాత్రం గెలిచిన నేతకు లేదు.