చిన్నపెట్టెలకు ప్రోగ్రాములు కూర్చు విధము



నేడు మన పల్లెలలో పంచాయతీ కచేరి గోడమీదనో, బడిలో నల్లబల్ల ప్రక్కనో, కొన్ని యిండ్లలో దేవుని పటముల క్రిందనో యొక చిన్న పెట్టె కానవచ్చుచున్నది. దానికి రెండుమూడు కొమ్ములు. ముందువైపున పచ్చని దీపములు మినుకుమినుకు మనుచుండును. 2011 లో మొదలై, 2015 లో భారత్‌నెట్ అను పేరు తాల్చిన కేంద్రప్రభుత్వ ప్రణాళిక గాజుతీగను గ్రామపంచాయతీల దాక తెచ్చుచున్నది. అట్టి తీగలవెంట వచ్చిన ఇంటర్నెట్టును గదిగదికి పంచిపెట్టునది యీ పెట్టెయే. దీనిని రౌటరందురు. కరెంటు మీటరు వంటి వస్తువని మనలో పలువురు తలచుచున్నారు. కాదు. ఇది పూర్తి కంప్యూటరు. తెర లేదు, మీటల పలక లేదు, అంతియే భేదము. కంప్యూటరన్న పిమ్మట, ఏ పని యెట్లు చేయవలెనో దానికి చెప్పు ఆజ్ఞల వరుస, అనగా ప్రోగ్రాము, ఉండక తప్పదు. దానిని వ్రాసినవారెవరు? అది చెడినచో బాగుచేయు హక్కెవరిది? మొదటి ప్రశ్న కుతూహలమునకు, రెండవది మన ప్రయోజనమునకు.

2002 డిసెంబరులో అమెరికాలో లింక్‌సిస్ కంపెనీవారు డబ్ల్యుఆర్‌టి54జి యను రౌటరును అంగళ్లకు తెచ్చిరి. మరుసటి యేట కొందరు నిపుణులు దాని లోపలి సరకును పరీక్షించి, అది లినక్స్ అని కనిపెట్టిరి. లినక్స్ యనునది 1991 లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టగా, లోకమునందలి వేలకొలది జనులు చేయివేసి పెంచిన ప్రోగ్రాము. దానికి జిపిఎల్ అను అనుమతిపత్రము కలదు. ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చవచ్చును, వెలకు అమ్మవచ్చును; కాని పుచ్చుకొన్నవాడు కోరినచో మూలపాఠమును గూడ ఇయ్యవలెనని దాని షరతు. అన్నదానమునకు షరతుండదు గాని, యీ విద్యాదానమునకు కలదు: నీవు పొందినట్లే నీ తరువాతివాడును పొందవలెను. ఆ షరతును బట్టి 2003 లోనే కంపెనీవారు మూలపాఠమును వెలువరించిరి. దానిని ఆధారము చేసికొని 2004 లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి యను సమష్టిప్రయత్నము పుట్టెను. ఆ రౌటరు పేరులోని అక్షరములే దీని పేరులోను నిలిచిపోయినవి. నేడది వందలకొలది రకముల పెట్టెలకు ప్రోగ్రాములను సమకూర్చుచున్నది.

మూలపాఠమనగా మనుష్యుడు చదివి తెలిసికొనదగిన వ్రాత. యంత్రమునకది యర్థము కాదు. దానికి తన సొంత భాషలో, ఒకట్లు సున్నలుగా, చెప్పవలెను. ఈ యనువాదమును చేయు ప్రోగ్రామును కంపైలరందురు. జిసిసి యనునది యట్టివానిలో ప్రసిద్ధము. 1987 లో వెలువడినది, అదియు జిపిఎల్ క్రిందిదే. చిక్కేమనగా, అనువాదకుడు స్థూలకాయుడు. వాని సామగ్రియంతయు చేరినచో వందలకొలది మెగాబైట్ల చోటు పట్టును. నేను చెప్పిన రౌటరులో సరకు నిలువయుంచు చోటు 4 మెగాబైట్లు, పనిచేయునప్పుడు వాడుకొను జ్ఞాపకస్థలము 16. మన మనుమల చేతి ఫోనులలో 4000 మెగాబైట్ల జ్ఞాపకము సామాన్యము. కావున పెట్టె తన ప్రోగ్రామును తాను తయారు చేసికొనజాలదు. మోటను కుట్టువాడు బావిలో కూర్చుండి కుట్టడు గదా! గట్టున కుట్టి బావిలో దించును. అట్లే పెద్ద కంప్యూటరుమీద అనువాదము చేసి చిన్నపెట్టెలో దించుట యీ రంగములోని పద్ధతి. దీనిని క్రాస్ కంపైలింగ్ అందురు. నేను దీనికి పరయంత్రానువాదమని పేరిడ సాహసించుచున్నాను. పండితులు నవ్వినను సరే.

ఇందలి కష్టమంతయు ఒక్క దర్జీ యుపమానమున తేటపడును. దర్జీ పెద్దవాడు, చొక్కా పసిబాలునికి. కొలత బాలునిది తీయవలెను. ఏమరుపాటున తన భుజములనే కొలిచి కత్తిరించినచో గుడ్డ పాడు. ప్రోగ్రాములు పెక్కింటిలో, అనువాదమునకు ముందు “ఈ యంత్రమున నేయే సదుపాయములున్నవి?” అని తడవి చూచు చిన్న పరీక్షలుండును. అవి తాము నడచుచున్న పెద్ద యంత్రమునే తడవి, చిన్నదానికిని అట్లే యుండునని నమ్మును. దొరలిన తప్పు కుట్టునప్పుడు తెలియదు, తొడిగినప్పుడు తెలియును. అందుకే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టివారు చిన్నపెట్టెకు జెందిన గ్రంథాలయములను, శీర్షికలను వేరుగా నొకచోట పేర్చి, కంపైలరు కన్ను అటు తప్ప ప్రక్కకు పోకుండ కట్టడి చేయుదురు.

కొలత సరిపోయినను వేరొక చిక్కు కలదు. మిప్స్ అను జాతి ప్రాసెసర్లు చాల రౌటర్లలో నుండెడివి. ఆ జాతిలోనే రెండు తెగలు. ఒక తెగ పెద్ద సంఖ్యను పెద్ద స్థానము మొదలుకొని నిలువచేయును. రెండవది చిన్న స్థానము మొదలుకొని. మన జ్యోతిషగ్రంథములలో భూతసంఖ్యలను చెప్పునప్పుడు ఒకట్ల స్థానమును ముందు చెప్పి క్రమముగా ఎడమకు పోవుదురు. ఆ సంప్రదాయ మెరుగనివాడు 1234 ను 4321 గా గ్రహించును. సరిగా నదే ఇచ్చట జరుగును. లింక్‌సిస్‌వారి పెట్టె చిన్న స్థానము మొదలుగా చదువు తెగ. దాని ప్రోగ్రామును రెండవ తెగ పెట్టెలో వేసినచో, రెండును మిప్సే యైనను, ఒక్క యడుగు నడువదు.

మరియొకటి కలదు, కొత్తవారిని మిక్కిలి విసిగించునదిది. పెద్ద లినక్స్ యంత్రములలో సామాన్యముగ గ్లిబ్‌సి యను పెద్ద గ్రంథాలయ ముండును. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి 2015 మొదలు మసల్ అను చిన్నదానిని వాడుచున్నది. మొదటిదానికై చేసిన ప్రోగ్రామును రెండవదానిలో పెట్టి నడుపబోయినచో, “అట్టి దస్త్రము లేదు” అని యంత్రము బదులు చెప్పును. దస్త్రము కన్నులయెదుటనే యుండును! నిజమునకు లేనిది ఆ దస్త్రము కాదు, దానిని జ్ఞాపకమున కెక్కించి నడిపించు సహాయకుడు. పెండ్లికొడుకు పందిటిలోనే యుండగా, పురోహితుడు రాలేదనుటకు మారు పెండ్లికొడుకే లేడనినట్లున్నది. ఇట్టి జవాబులను వ్రాసినవారికి నేను మార్కులు వేయను.

చోటు పొదుపునకు చేసిన యేర్పాట్లలో బిజీబాక్స్ యనునది నాకు నచ్చినది. పల్లెలో ఒక్క మనిషియే బడిపంతులు, పోస్టుమాస్టరు, జాబులు చదివిపెట్టువాడు నగుట మీరెరుగుదురు. ఏ పేరుతో పిలిచిన ఆ పని చేయును. బిజీబాక్స్ అట్టిదే. దస్త్రములను చూపుట, నకలు తీయుట మొదలైన వందలకొలది పనులకు వేరువేరు ప్రోగ్రాములు లేక, ఒక్కటే యుండి, తన్ను పిలిచిన పేరును చూచి తదనుగుణమైన పని చేయును.

అనువాదము ముగిసినంత మాత్రమున సరకు పంపుటకు తగదు. సారె పంపునప్పుడు బుట్టతోడ జాబితా పంపుదుము గదా. ఆ జాబితాతో గూడిన మూటయే ప్యాకేజి. పేరు, ఎన్నవ కూర్పు, ఏ జాతి ప్రాసెసరునకు, ముందుగా మరియే ప్యాకేజిలు పెట్టెలో నుండవలెను, ఇవన్నియు దానిలో నుండును. తయారుచేయువాడు వ్రాయునది నిజమునకు ఒక చిన్న సూచనపత్రము మాత్రమే: మూలపాఠ మెచ్చట దొరకును, ఏ దిద్దుబాట్లు చేయవలెను, ఏయే భాగములు మూటలో పెట్టవలెను. తక్కినది యంత్రము చేసికొనును. తెచ్చిన మూలపాఠము దారిలో మారలేదని తెలియుటకు అందులో 64 అక్షరముల గుర్తు నుంచుదురు. మన వ్రాయసకాండ్రు తాళపత్రగ్రంథమును 32 అక్షరముల గ్రంథములుగా లెక్కించి, లోపించినదేమో చూచెడివారు. ఈ గుర్తు అంతకంటె కఠినము. మూలములో ఒక్క యక్షరము మారిన గుర్తంతయు మారిపోవును. ఈ మూటలను విప్పి అమర్చు పనివాడుగా చిరకాలము ఓపికేజి యను సాధన ముండెను. 2024 లో అభివృద్ధి శాఖలో దానిని మాని ఏపికే యను దానిని చేపట్టిరి. ఫోనులలో వినబడు ఏపికే వేరు, ఇది వేరు. పేరులు కలిసినవి, అంతే.

ఇంత శ్రమ యెందులకందురా? వినుడు. 2016 లో మిరై యను దుష్టప్రోగ్రాము లోకమునందలి కెమెరాలలోను రౌటర్లలోను జొరబడి, లక్షలకొలది పెట్టెలను తన కూలీలుగా జేసికొనెను. యజమానులకు తెలియనే లేదు. ఆ యక్టోబరులో వానిలో పెక్కు ఒక్కపెట్టున డైన్ యను సంస్థమీద పడగా, ట్విట్టరు మొదలగు ప్రసిద్ధ స్థానములు కొన్ని గంటలు జనులకు అందకపోయెను. కర్మాగారమున పెట్టిన సంకేతపదములను మార్చకుండుటయే దొంగకు దారియైనది. ఇతర లోపములును పుట్టుచునే యుండును. కంపెనీలు కొన్నియేండ్లు దిద్దుబాట్లనిచ్చి మానుకొనును. పెట్టె చెడదు, దీపములు వెలుగుచునే యుండును, లోపలి గడియ మాత్రము ఊడియుండును. మూలపాఠము బహిరంగమైనచో, కంపెనీ విడిచినదానిని ఇతరులు పరయంత్రానువాదముచే బ్రతికించుకొనగలరు. మూలపాఠము మూసియుంచినచో పారవేయుటయే గతి.

ఐనను తొందరపడి మీ పెట్టెను మార్పింపకుడు. ఇంటర్నెట్టు సరఫరా చేయువారి పెట్టెయైనచో అది మీది కాదు. పాతవానిలో చోటు చాలక, నేటి కూర్పు పట్టదు. కొన్నిటిలో రేడియో భాగపు మూలపాఠము దొరకనందున కొమ్ములు పనిచేయవు. క్రొత్తదానిని ఎక్కించుచుండగా కరెంటు పోయినచో, మరల లేవనిది కావచ్చును. దానిని ఈ విద్యవారు ‘ఇటుక’ యందురు.

పంచాయతీకో బడికో క్రొత్తది కొనునపుడు ఎన్నియేండ్లు దిద్దుబాట్లిత్తురని అంగడివానిని వ్రాతమూలకముగ అడుగుడు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టివారి పట్టికలో ఆ రకము కలదేమో చదువుకొన్న పిల్లవానిచే చూపింపుడు. చూచునప్పుడు పేరొక్కటి చాలదు. డబ్ల్యుఆర్‌టి54జి యే 2005 లో అయిదవ కూర్పుగా వచ్చినప్పుడు, పేరదే, రూపమదే. లోపల నిలువచోటు 2 మెగాబైట్లకు, జ్ఞాపకము 8 కి తగ్గి, లినక్స్ స్థానమున వేరొక ప్రోగ్రాము చేరెను. లినక్స్ కోరినవారికై ఆ యేటనే చివర ‘ఎల్’ అక్షరము చేర్చిన మరియొక పెట్టెను కంపెనీవారే యమ్మిరి. ఆ కూర్పు సంఖ్య పెట్టె క్రింద అంటించిన చీటిలో సన్నని యక్షరములతో నుండును. కళ్లద్దములు పెట్టుకొని చూడవలెను.