తిన్న ఇనుములో ఒంటబట్టేది ఎంత?

రక్తం తక్కువగా ఉందని డాక్టరు చెప్పగానే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేవి బీట్‌రూట్, దానిమ్మ, బెల్లం. మొదటి రెండింటికీ ఆ పేరు తెచ్చిపెట్టింది వాటి రంగే. బీట్‌రూట్‌ ఎరుపుకీ ఇనుముకీ సంబంధం లేదు. వంద గ్రాముల దుంపలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. దానిమ్మలో అంతకన్నా తక్కువ. బెల్లంలో కొంత ఉన్నా, నోట్లో వేసుకునే చిన్న ముక్కతో వచ్చేది స్వల్పం. ఇవి తినొద్దని కాదు. రక్తహీనతకు మందుగా వీటినే నమ్ముకుని కూర్చోకూడదు.

శరీరం సొంతంగా తయారు చేసుకోలేని, తిండి ద్వారానే అందాల్సిన మూలకాలను ఖనిజ లవణాలు అంటాం. కాల్షియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం, సోడియం, పొటాషియం కాస్త ఎక్కువగా కావాలి. ఇనుము, జింకు, అయోడిన్, రాగి, సెలీనియం కొద్దిగా చాలు. అయోడిన్ అయితే పెద్దవాళ్లకు రోజుకు సుమారు 150 మైక్రోగ్రాములు (మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు) సరిపోతుంది. తల్లికి అదీ అందకపోతే గర్భంలోని బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఈ లోటుకు అయోడిన్ కలిపిన ఉప్పు ప్యాకెట్లోనే పరిష్కారం దొరికింది. ఇనుము మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు దేశంలో 57 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. వేలి నుంచి తీసిన చుక్క రక్తంతో పరీక్షిస్తే రక్తహీనత అసలు కన్నా ఎక్కువగా కనిపిస్తుందని కొందరు నిపుణులు అంటారు. ఆ మేరకు తగ్గించి చూసినా సమస్య పెద్దదే. పైగా ఇది తిండికి ఇబ్బంది లేని ఇళ్లలోనూ ఉంది. ఎందుకో తెలియాలంటే శరీరం ఇనుమును ఎలా వాడుకుంటుందో చూడాలి.

పెద్దవాళ్ల ఒంట్లో ఉండే ఇనుము మొత్తం మూడు, నాలుగు గ్రాములు. అందులో మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లో (ఎర్ర రక్తకణాల్లో ఆక్సిజన్‌ను మోసే ప్రొటీన్) ఉంటుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను పట్టుకునేది అందులోని ఇనుమే. కణాల్లో శక్తి తయారీకీ ఇనుము కావాలి. అందుకే అది తగ్గితే నాలుగు మెట్లెక్కగానే ఆయాసం, రోజంతా నీరసం, పిల్లలకు చదువు మీద నిలవని ధ్యాస. కొందరికి పచ్చి బియ్యం, బలపం, మట్టి తినాలనిపిస్తుంది. ఇంట్లో దాన్ని పాడు అలవాటని తిడతారు. చాలాసార్లు అది ఇనుము లోటుకు గుర్తు.

ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అది చనిపోయినప్పుడు అందులోని ఇనుమును శరీరం పారేయదు. పాత ఇల్లు విప్పిన ఇటుకలతోనే కొత్త గోడ కట్టుకున్నట్టు, ఆ ఇనుముతోనే కొత్త కణాలను కడుతుంది. ఇలా రోజూ 20 నుంచి 25 మిల్లీగ్రాములు తిరిగి వాడుకలోకి వస్తాయి. తిండి నుంచి కొత్తగా చేరాల్సింది ఒకటి, రెండు మిల్లీగ్రాములే.

ఎక్కువైన ఇనుమును బయటికి పంపే ఏర్పాటు మాత్రం మన ఒంట్లో లేదు. కాబట్టి అదుపంతా పేగు దగ్గరే జరుగుతుంది. నిల్వలు నిండితే కాలేయం హెప్సిడిన్ (ఇనుము రక్తంలోకి చేరకుండా అడ్డుకునే హార్మోన్) వదులుతుంది. నిల్వలు తగ్గితే హెప్సిడిన్ తగ్గి, పేగు ఎక్కువ ఇనుమును లోపలికి తీసుకుంటుంది. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉన్నప్పుడు కూడా హెప్సిడిన్ పెరుగుతుంది. సూక్ష్మజీవులకూ ఇనుము కావాలి కనుక శరీరం దాన్ని వాటికి అందకుండా దాస్తుంది. తరచూ జబ్బుపడే పిల్లలు మంచి తిండి తింటున్నా రక్తహీనత నుంచి త్వరగా బయటపడలేకపోవడానికి ఇదొక కారణం.

ఇక రక్తం పోతే ఇనుమూ పోతుంది. ఒక మిల్లీలీటరు రక్తంతో దాదాపు అర మిల్లీగ్రాము వెళ్లిపోతుంది. నెలసరి, కాన్పు, కడుపులో కొంకి పురుగులు, మొలలు అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫార్సుల్లో రోజుకు పురుషులకు 19 మిల్లీగ్రాములు, స్త్రీలకు 29 మిల్లీగ్రాములు ఉండటానికి ఈ నష్టమే కారణం. మన ఇళ్లలో ఆఖరున తినేది, అడుగూ బొడుగూ తినేది ఆడవాళ్లే కావడం వాళ్లలో లోటును మరింత పెంచుతుంది.

ఒకటి, రెండు మిల్లీగ్రాములు చాలన్నప్పుడు 29 ఎందుకు తినాలి? మన భోజనంలోని ఇనుములో నూటికి ఐదు నుంచి ఎనిమిది పాళ్లే ఒంటబడుతుంది కాబట్టి. మాంసం, చేపలు, కాలేయంలో ఉండే ఇనుములో కొంత భాగం హీమ్ రూపంలో ఉంటుంది. అది పేగులోకి సులువుగా వెళ్తుంది. ధాన్యం, పప్పులు, ఆకుకూరల్లోది వేరే రూపం. దానికి అడ్డంకులు ఎక్కువ. గింజల పై పొరల్లో ఉండే ఫైటేట్ (మొక్క ఫాస్ఫరస్‌ను దాచుకునే పదార్థం) ఇనుమును పట్టుకుని వదలదు. జింకునూ అలాగే పట్టేస్తుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఫైటేట్ కొంత విరిగిపోతుంది. రాత్రంతా పులిసిన ఇడ్లీపిండి, అంబలి, మొలకెత్తిన పెసలు ఈ విషయంలో మేలు. రాగులను చాలామంది ఇనుము కోసం తింటారు గానీ, వాటి అసలు బలం కాల్షియం. వంద గ్రాముల రాగుల్లో అది 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది.

రెండో అడ్డంకి టీ. టిఫిన్‌తో పాటే టీ తాగితే అందులోని టానిన్లు (వగరు రుచినిచ్చే పదార్థాలు) ఆ పూట అందాల్సిన ఇనుములో సగానికి పైగా అడ్డుకోగలవు. టీ మానేయమంటే ఎవరు వింటారు? గంటైనా ఆగి తాగితే ఈ నష్టం బాగా తగ్గుతుంది.

పులుపు దీనికి విరుగుడు. విటమిన్ సి ఇనుమును పేగు తేలిగ్గా తీసుకునే రూపంలోకి మారుస్తుంది. పప్పన్నంలో నిమ్మకాయ పిండుకోవడం, భోజనంతో జామకాయ తినడం చిన్న పనులే, ఫలితం ఉంటుంది. కాకపోతే ఈ విటమిన్ వేడికి నశిస్తుంది. నిమ్మరసం పొయ్యి మీద నుంచి దించాకే పిండాలి. ఇనప మూకుడులో పులుసు వండితే ఆ పులుపుకు కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. నాన్‌స్టిక్ గిన్నెల రాకతో ఆ కాస్తా పోయింది.

లోటు ముదిరాక మాత్రం తిండి ఒక్కటే చాలదు, మాత్రలు కావాలి. గర్భిణులకు ఆరు నెలల పాటు రోజూ 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్రలను ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఇవి వేసుకుంటే మలం నల్లగా వస్తుంది. అది ఒంటబట్టని ఇనుము, భయం అక్కర్లేదు. వికారంగా ఉందని, మలబద్ధకం వచ్చిందని చాలామంది మధ్యలో ఆపేస్తారు. అలా ఆపే ముందు డాక్టరుకో, ఏఎన్‌ఎంకో చెబితే వేళనో, మందునో మారుస్తారు. కాల్షియం మాత్రను ఇనుము మాత్రతో కలిపి మింగకూడదు. కాల్షియం ఇనుమును అడ్డుకుంటుంది.

రేషన్ బియ్యంలో కలిసి వచ్చే, నీళ్లలో తేలే గింజలను ప్లాస్టిక్ అనుకుని ఏరి పారేసినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల్లా అచ్చు వేసినవి. వందకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. వాటిని ఏరేస్తే కలిపిన ఖనిజాన్నే పారేసినట్టు.

ప్రతి రక్తహీనతా ఇనుము లోటే కాదు. బి12, ఫోలిక్ యాసిడ్ తగ్గినా రక్తం తగ్గుతుంది. తలసీమియా, సికిల్ సెల్ లాంటి పుట్టుకతో వచ్చే జబ్బుల్లో, ముఖ్యంగా తరచూ రక్తం ఎక్కించుకునేవారిలో, ఇనుము పేరుకుపోయి గుండెకు, కాలేయానికి హాని చేస్తుంది. కాబట్టి హిమోగ్లోబిన్ తక్కువని రిపోర్టు రాగానే మందుల షాపుకు వెళ్లి టానిక్ కొనకండి. ఫెరిటిన్ (ఇనుమును నిల్వ ఉంచే ప్రొటీన్) పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. మాత్రలు మొదలుపెట్టాక హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి రాగానే ఆపేయకండి. నిల్వలు నిండటానికి మరో రెండు, మూడు నెలలు పడుతుంది. ఆ మాత్రలు పిల్లల చేతికి అందకుండా పెట్టండి. చిన్నపిల్లలు ఒకేసారి ఎక్కువ మింగితే ప్రాణం మీదికి వస్తుంది.