బయటపడిన ముక్కలు, మిగిలిన అవకాశాలు

నాణెం ఎగరేసినప్పుడు క్రితంసారి బొమ్మ పడిందా బొరుసు పడిందా అన్నదానితో తర్వాతి ఫలితానికి సంబంధం ఉండదు గనుక వాటిని గణితం స్వతంత్ర ఘటనలంటుంది. పేకాటలో అలా కాదు. ఒకసారి బయటపడిన ముక్క మళ్ళీ కలిపేదాకా తిరిగి రాదు కాబట్టి, ఫలానా ముక్క వచ్చే సంభావ్యత, అంటే అవకాశపు కొలత, ఆట సాగేకొద్దీ మారుతూ పోతుంది.

21 దాటకుండా దానికి వీలైనంత దగ్గరగా చేరవలసిన బ్లాక్‌జాక్‌లో పది విలువగల ముక్కలు (పది, జాకీ, రాణి, రాజు) ఒక కట్టలోని 52లో 16 ఉంటాయి, అంటే దాదాపు 31 శాతం. తొలి విడతలో 12 ముక్కలు పంచగా వాటిలో అటువంటిది ఒక్కటే వచ్చి ఉంటే, కలపకుండా సాగే రెండో విడతకు మిగిలిన 40లో 15 ఉండి, అవకాశం 37.5 శాతానికి పెరుగుతుంది. పంచేవాడు 16 వరకు ముక్క తీయక తప్పదు గనుక, పెద్ద ముక్కలు ఎక్కువగా మిగిలితే అతడు 21 దాటే ప్రమాదం హెచ్చుతుంది. ఎడ్వర్డ్ థోర్ప్ అనే అమెరికన్ గణితవేత్త ముక్కల లెక్కతో కాసినోపై పైచేయి సాధించవచ్చని 1962లో పుస్తకంగా వివరించాడు. తర్వాత ప్రసిద్ధమైన పద్ధతిలో 2 నుంచి 6 దాకా ఒకటి కలిపి, పది మొదలు ఆసు దాకా ఒకటి తీసివేసి, 7, 8, 9లను వదిలేస్తారు. మొత్తం ఎంత పెరిగితే ఆటగాడికి అంత అనుకూలం.

తెలుగునాట ఈ లెక్క రమ్మీ రూపంలో న్యాయస్థానం దాకా వెళ్ళింది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పిస్తూ, పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి గనుక రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేనని, మూడుముక్కలాట అటువంటిది కాదని తేల్చింది.

రెండు కట్టలతో ఇద్దరాడే రమ్మీలో, జోకర్లను లెక్కలోకి తీసుకోకుంటే, ఆఠీను ఐదు, ఆరు చేతిలో ఉన్నవాడికి పనికొచ్చే నాలుగులు, ఏడులు కలిపి నాలుగు. అతడికి కనబడని ముక్కలు 90 ఉన్నప్పుడు తీసే ముక్క వాటిలో ఒకటయ్యే అవకాశం 90లో 4. మరో పది ముక్కలు బయటపడి అందులో మూడు అవే అయితే అది 80లో 1కి పడిపోతుంది. ఇది గమనించినవాడు ఆశ వదిలి చేయి మార్చుకుంటాడు.

అయినా లెక్క ఏ ఒక్క ఆటలోనూ గెలుపుకు పూచీ కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని నిషేధించడంతో, వివాదం నైపుణ్యం నుంచి పందెం మీదికి మళ్ళింది.