డాక్టరమ్మ ఆసుపత్రి, జమీందారు సత్రం

గుంటూరు కొత్తపేటలో ఇప్పుడు ఎటు చూసినా స్కానింగ్ సెంటర్లు, మందుల షాపులు, నర్సింగ్ హోములే. నరసరావుపేట నుంచీ, చిలకలూరిపేట నుంచీ, అటు ఒంగోలు నుంచీ జనం జబ్బు చేస్తే ఇక్కడికే వస్తారు. ఈ రాకపోకలు ఎప్పుడు మొదలయ్యాయని నన్నడిగితే, కుగ్లర్ ఆసుపత్రి నాటి నుంచీ అంటాను. మా అమ్మమ్మది పల్నాడు. పత్తి చేలూ మిరప చేలూ తప్ప వేరే లోకం తెలియదు. ఆవిడ లెక్కలో ఆసుపత్రంటే ఇదొక్కటే. సర్కారు వారి పెద్దాసుపత్రిని కూడా "ఆ రెండోది" అనేది!

అన్నా సారా కుగ్లర్ 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టింది. 1879లో అక్కడి మహిళా వైద్య కళాశాల నుంచి డాక్టరుగా బయటికొచ్చింది. మన దేశపు తొలి మహిళా డాక్టర్లలో ఒకరైన ఆనందీబాయి జోషి తర్వాత చదివిందీ ఆ కాలేజీలోనే. 1883లో ఆనందీబాయి ఓడెక్కి అటు వెళితే, అదే ఏడు అన్నా ఓడెక్కి ఇటు వచ్చింది.

రావడం కూడా డాక్టరుగా కాదు. ఆడ డాక్టరు అవసరం చాలా ఉందని గుంటూరులోని మిషనరీ రాసిన ఉత్తరం చూసి ఆమె దరఖాస్తు పెట్టుకుంది. వైద్యం పనికి తామింకా సిద్ధంగా లేమనీ, ఘోషా ఇళ్లలో ఆడవాళ్లకు చదువు చెప్పే పనైతే ఇస్తామనీ లూథరన్ మిషన్ బోర్డు వారన్నారు. సరేనంది. పెట్టెలో మాత్రం మందులూ పరికరాలూ సర్దుకుంది.

అప్పటికి గుంటూరుకు రైలు రాలేదు. సొంత జిల్లా కూడా లేదు, కృష్ణా జిల్లాలో ఉండేది. చదువు చెప్పబోయిన ఇళ్లలోనే రోగాలు ఎదురయ్యాయి. పరాయి మగవాడు నాడి పట్టడానికి వీల్లేని ఇళ్లవి. కాన్పు కష్టమైతే మంత్రసాని, ఆ పైన దేవుడు. దొరసాని తాకితే మైలని నీళ్లు చల్లుకునేవాళ్లు సైతం బిడ్డ అడ్డం తిరిగితే ఆమెకే కబురు పెట్టాల్సి వచ్చింది. 1885 చివర్లో బోర్డు ఆమెను వైద్య మిషనరీగా గుర్తించింది. రెండేళ్లుగా చేస్తున్న పనికి అప్పటికి పేరు దొరికిందన్నమాట.

1889లో సెలవు మీద అమెరికా వెళ్లి చందాలు పోగుచేసింది. 1893లో డిస్పెన్సరీ, 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి లేచాయి. కేథరీన్ ఫాస్ అనే నర్సు ఇక్కడి అమ్మాయిలకు నర్సు పని నేర్పింది. తోటి డాక్టరు మేరీ బేర్ తర్వాత చీరాలలో ఆసుపత్రి పెట్టింది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఆసుపత్రి ఎదుట వెలిసిన సత్రం. కట్టించినవాడు ఏలూరులో ఉండే జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు. కవి, 'మంజువాణి' పత్రిక నడిపినవాడు. తన భార్యకు అన్నా కుగ్లర్ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగడానికి దాన్ని కట్టించాడు. మన దగ్గర రోగి ఒక్కతే వస్తుందా? తల్లి, అత్త, ఆడబిడ్డ, చంకలో పెద్దపిల్ల, బియ్యం మూట, గోంగూర పచ్చడి జాడీ అన్నీ బండి దిగుతాయి. పైగా ఇంకొకరి చేతి వంట ముట్టని ఇళ్లు. పొయ్యి పెట్టుకునే చోటు లేకపోతే ఎంత మంచి డాక్టరమ్మ ఉన్నా కోడల్ని చేర్పించరు. జమీందారుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆయనదీ అలాంటి ఇల్లే.

అన్నా కుగ్లర్‌కు 1905లో కైసర్-ఎ-హింద్ పతకం వచ్చింది. 47 ఏళ్లు మన మధ్య బతికి, 1930 జులై 26న గుంటూరులోనే కన్నుమూసింది. ఆసుపత్రికి తర్వాత ఆమె పేరే పెట్టారు.

ఈ రోజుకీ మన ఊళ్లలో ఏ ఆసుపత్రి వరండాలో చూసినా, న్యూస్ పేపరు పరుచుకుని క్యారేజీ విప్పుకునే ముసలమ్మలు కనిపిస్తారు. లిఫ్టుంది, ఏసీ ఉంది, ఆవిడ నడుం వాల్చడానికి జాగా లేదు. కొత్తగా ఆసుపత్రి కట్టే డాక్టరుగార్లకు నా విన్నపం ఒకటే: ప్లాను గీయించేటప్పుడు రోగి వెంట వచ్చేవాళ్లకు ఒక వంటగదీ, పది మంది పడుకునే హాలూ గీయించండి.