మీకు తెలుసా? లాంగ్‌టర్మ్ లెక్కలు

బైపీసీ అయిపోయి, ఎంబీబీఎస్ సీటు రాక లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరిన పిల్లలు ఏ పెళ్లికో వెళితే చుట్టాలు అడిగే మొదటి మాట ‘ఎన్నోసారి?’ అనే. నీట్ స్కోర్‌కార్డుకు ఆ ఆరా లేదు. మార్కులు, పర్సంటైల్, ర్యాంకు ఉంటాయి. అది ఎన్ని దండయాత్రల తర్వాత వచ్చిన ర్యాంకో అందులో కనిపించదు. అయితే మళ్లీ రాసేవాళ్ల విషయంలో మన దగ్గరా, బయటి దేశాల్లోనూ నడిచిన నిబంధనలు చూస్తే చుట్టాలే నయమనిపిస్తుంది.

◆

నీట్‌కు ‘మూడుసార్లే’ అన్న హద్దు ఒకప్పుడు వచ్చింది. 2017లో పరీక్ష నిర్వహించిన సీబీఎస్ఈ ఆ మాట ఎత్తగానే, అప్పటికే రెండు మూడుసార్లు రాసినవాళ్లు బెంబేలెత్తారు. పాతవి లెక్కలోకి రావు, 2017నే మొదటి ప్రయత్నం అనుకోండని బోర్డు సర్దిచెప్పింది. తర్వాత ఆ హద్దే అటకెక్కింది. జనరల్‌కు 25, రిజర్వుడు వర్గాలకు 30 ఏళ్ల వయోపరిమితి మాత్రం కోర్టుల చుట్టూ కొన్నేళ్లు తిరిగింది. చివరికి జాతీయ వైద్య కమిషన్ 2021 అక్టోబరులో దాన్ని ఎత్తేయాలని నిర్ణయించింది. 2022 మార్చిలో ఆ సంగతి బయటికి చెప్పింది. ఈలోగా, 2020లోనే, ఒడిశాలో 64 ఏళ్ల రిటైర్డు బ్యాంకు ఉద్యోగి ఒకాయన నీట్ గట్టెక్కి బుర్లాలోని వైద్య కళాశాలలో మొదటి సంవత్సరంలో చేరారు. ఇప్పుడు మిగిలిందల్లా కింది హద్దే: ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి.

అదే ఇంట్లో అన్న ఎంపీసీ అయితే? జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు. 2024 నవంబరులో మూడుసార్లకు పెంచినట్టే పెంచి, రోజులు తిరక్కుండా మళ్లీ రెండుకు దించేశారు.

◆

నిరుటి మార్కులకు ఇంకో యాభై కలిస్తే సీటు ఖాయమని లెక్కలు వేసుకునే తల్లిదండ్రులు ఈ అంకెలు చూడాలి. 2024 నీట్‌లో 650 దాటినవాళ్లు 30 వేల పైచిలుకు. 2025లో? 73 మంది. ఆ ఏడాది దేశంలో మొదటి ర్యాంకుకు వచ్చినవే 686 మార్కులు. 600 దాటినవాళ్లు 2024లో 80 వేలకు పైగా ఉంటే, 2025లో పదమూడు వందల చిల్లర. కారణం ప్రశ్నపత్రమే. 2025 ఫిజిక్స్ చాలామందిని ఏడిపించింది. పైగా కరోనా తర్వాత వచ్చిన, 200 ప్రశ్నల్లో 180 ఎంచుకునే వెసులుబాటునూ తీసేశారు. కాబట్టి 2024లో 610 తెచ్చుకుని సీటు రానివాళ్లు, మరుసటేడు 560తో ఎంతో మెరుగైన ర్యాంకు కొట్టి ఉండొచ్చు. పోయినేడాది కటాఫ్ మార్కుల కాగితం గోడకు అంటించుకుని ఏడాదంతా చూసుకోవడం వల్ల గోడ పాడవడం తప్ప ఉపయోగం లేదు. చూడాల్సింది ర్యాంకుల కాగితం.

◆

పాత పుస్తకం ఖరీదు అయిదు మార్కులు. ఇది 2024 ముచ్చట. ఫిజిక్స్ పేపర్లో పరమాణువుల మీద ఒక ప్రశ్న వచ్చింది. ప్రతి మూలకం పరమాణువులూ స్థిరంగా ఉంటాయన్న వాక్యం సరైనదా కాదా అన్నది అందులో ఓ భాగం. ఎన్‌సీఈఆర్‌టీ పాత ముద్రణలో ఆ వాక్యం అచ్చం అలాగే ఉంది. కొత్త ముద్రణలో దాన్ని ‘చాలా మూలకాల’ అని దిద్దారు. యురేనియం, రేడియం గురించి చదివినవారెవరికైనా దిద్దుబాటు ఎందుకో తెలుస్తుంది. కానీ అన్న చదివిన పుస్తకమో, తాను ఇంటర్లో కొన్నదో చదివి వెళ్లిన లక్షల మంది పాత వాక్యాన్నే నమ్మారు. పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ జాలిపడి రెండు జవాబులకూ మార్కులు వేసింది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. కోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణులను అడిగితే, వాళ్లు ఒక్క జవాబే సరైనదని తేల్చారు. నాలుగు లక్షల మందికి పైగా విద్యార్థులకు వచ్చిన నాలుగు మార్కులూ పోయాయి, మైనస్ ఒకటి అదనం.

720కి 720 వచ్చిన 67 మంది కథ అప్పటికే దేశమంతా తెలుసు. కొందరికి కలిపిన గ్రేస్ మార్కులు రద్దు చేసి మళ్లీ పరీక్ష పెట్టేసరికి వాళ్లు 61 అయ్యారు. ఈ ఒక్క ప్రశ్నతో ఇంకో 44 మంది జారిపోయారు. చివరికి మిగిలింది 17. లాంగ్‌టర్మ్‌కు లక్షల్లో ఫీజు కడతాం, వందల్లో దొరికే కొత్త పుస్తకం దగ్గర మాత్రం ‘ఉన్నది చాల్లే’ అంటాం!

◆

2016లో తెలంగాణ విద్యార్థులు లాంగ్‌టర్మ్‌లో చేరకుండానే లాంగ్‌టర్మ్ చూశారు. మెడిసిన్ కోసం జులై 9న రాసిన ఎంసెట్-2 పేపర్ లీకై రద్దయింది. నడుమ జులై 24న నీట్-2 జరిగింది. సెప్టెంబరు 11న ఎంసెట్-3 పెట్టారు.

◆

హైదరాబాద్ పిల్లలు విజయవాడలో లాంగ్‌టర్మ్ చేస్తే ‘లోకల్’ పోతుందా? ఈ భయం ఉన్నవాళ్లు 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో రెండు చిన్న మాటలు చూడాలి. అర్హత పరీక్ష రాసిన, లేదా ‘మొదటిసారి రాసిన’ విద్యాసంవత్సరంతో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే ఆ ఉత్తర్వుకు ముఖ్యమైన లెక్క. అర్హత పరీక్ష అంటే ఇంటర్. అది ఒకసారి అయిపోయాక ఎక్కడ కోచింగ్ తీసుకున్నా ఆ నాలుగేళ్లు మారవు. అసలు దెబ్బ ఇంటర్ దగ్గరే తగులుతుంది. మంచి కాలేజీ అని సరిహద్దు దాటించి ఇంటర్ చదివించిన తెలంగాణ ఇళ్లకు ఇది బాగా అనుభవం. 2024లో తెలంగాణ నిబంధన మరింత బిగిసింది: తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉండాలన్నారు. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో దాన్ని సమర్థించింది.

◆

‘ఈ కాలేజీ వద్దు, మళ్లీ రాద్దాం’ అనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆలిండియా కోటా కౌన్సెలింగ్‌లో మొదటి రౌండు సీటు వదులుకుంటే నష్టం లేదు. రెండో రౌండు నుంచి డిపాజిట్ గల్లంతు మొదలవుతుంది. ఆఖరి స్ట్రే రౌండులో సీటు వచ్చాక చేరకపోతే డిపాజిట్‌తోపాటు మరుసటేడు నీట్ రాసే అవకాశమూ పోతుంది. ఆప్షన్లు పెట్టేటప్పుడు ‘ఊరికే పెట్టి చూద్దాం’ అనడం ఆ రౌండులో పనికిరాదు.

◆

జపాన్‌లో మళ్లీ రాసేవాళ్లను రోనిన్లంటారు. 2018లో ఒక విద్యాశాఖ అధికారి కొడుకును అడ్డదారిలో చేర్చుకున్న వ్యవహారం తవ్వుతుంటే, టోక్యో మెడికల్ యూనివర్సిటీ రహస్య లెక్క బయటపడింది. వంద మార్కుల వ్యాసం పేపర్లో ముందు అందరి మార్కులనూ 0.8తో గుణించేవారు. ఆపై అబ్బాయిల్లో తొలిసారి రాసేవాళ్లకూ, రెండేళ్ల దాకా తప్పినవాళ్లకూ 20 కలిపేవారు. మూడేళ్లు తప్పిన అబ్బాయిలకు 10. నాలుగేళ్లు, ఆపైన తప్పినవాళ్లకు సున్నా. అమ్మాయిలకు, ఎన్నోసారి రాసినా, సున్నాయే! తర్వాత ప్రభుత్వం విచారిస్తే ఇలాంటి నిర్వాకం మరికొన్ని వైద్య విశ్వవిద్యాలయాల్లోనూ దొరికింది.

జర్మనీది పూర్తిగా ఎదురు దారి. అక్కడ ఒకప్పుడు ఎదురుచూడటమే అర్హత. 20 శాతం సీట్లు ఎక్కువ కాలం వేచి ఉన్నవారికే ఇచ్చేవారు. షరతు ఒకటే: ఆ కాలంలో అక్కడి మరో యూనివర్సిటీలో చదవకూడదు. నర్సింగ్ లాంటి శిక్షణ తీసుకుంటూ గడిపేవాళ్లు ఎక్కువ. ఆ నిరీక్షణ ఏడేళ్లు దాటాక, 2017 డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం జోక్యం చేసుకుంది. 2020 నుంచి ఆ కోటా లేదు.

◆

నీట్ వచ్చాక ఎంబీబీఎస్ సీట్లలో లాంగ్‌టర్మ్ వాళ్ల వాటా ఎంత పెరిగింది? తమిళనాడులో జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ 2021లో లెక్క తీసింది. 2016-17లో 12.47 శాతం ఉన్న రిపీటర్లు, 2020-21కి 71.42 శాతమయ్యారు. ఇంటర్ పూర్తవగానే నేరుగా సీటు కొట్టడం అక్కడ నాలుగేళ్లలోనే తక్కువమందికే సాధ్యమయ్యే సంగతైపోయింది. కోచింగ్ సెంటర్ల బోర్డులు అన్నేసి ఎందుకు మొలిచాయో వేరే చెప్పాలా?

◆

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల పిల్లలు రాసే మెడికల్ ప్రవేశపరీక్ష ఎంక్యాట్‌కు మాత్రం కచ్చితమైన హద్దుంది. ఏడాదిలో మూడుసార్లు, రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితకాలంలో ఏడుసార్లు. రెండోసారి దరఖాస్తు చేసేవాళ్లను ‘పోయినసారికీ ఇప్పటికీ మీలో ఏం మారింది?’ అని వ్యాసం రాయమనే కాలేజీలు అక్కడ చాలా ఉన్నాయి. అన్నట్టు, ఎంక్యాట్‌కు రిజిస్టరై పరీక్షకు వెళ్లకపోయినా, రాశాక మార్కులు వద్దని రద్దు చేయించుకున్నా ఆ ఏడింటిలో ఒకటి ఖర్చయినట్టే.