కాలికి తగ్గ సైకిలే రోజూ నడుస్తుంది

జూన్‌లో బడులు తెరిచే ముందు గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు సైకిల్ షాపుల్లో తరచూ వినబడే మాట ఒకటుంది: "పెరిగే పిల్ల కదా భాయ్, కాస్త పెద్దదే ఇవ్వండి." నాలుగేళ్లు పనికొస్తుందన్న ఆశ అది. కానీ నేల అందని సైకిల్‌ను భయపడుతూ తొక్కే పిల్ల, నెల తిరక్కుండానే దాన్ని గోడకు ఆనించేస్తుంది.

హైస్కూలు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెల్లో ఇది చిన్న విషయం కాదు. ఆటో డబ్బులు లేకో, ఒంటరి నడకకు భయపడో ముందుగా ఆగిపోయేది ఆడపిల్ల చదువే. దూరం చదువుకు అడ్డం కాకూడదనే రాష్ట్ర ప్రభుత్వం గతంలో 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వ బడుల్లో చదివే బాలికలకు సైకిళ్లు ఇచ్చింది. కొనేవాళ్లు కూడా రంగు, గేర్లు తర్వాత చూసి, ముందు కొలత చూసుకోవాలి.

కొలత ఎలా చూడాలి?

సీటు మీద కూర్చుని, పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. సీటు కిందికుంటే మోకాళ్లు లాగుతాయి, పైకుంటే నడుము అటూ ఇటూ ఊగుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మాత్రం పాదాలు నేలకు ఆనేలా సీటు దించి, అలవాటయ్యాక కొంచెం కొంచెంగా పెంచాలి. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటుంది. అది బయటికి కనబడేంత పైకి లాగితే గొట్టం విరిగే ప్రమాదం ఉంది.

హ్యాండిల్ సీటుతో సమానంగా గానీ, కాస్త పైకి గానీ ఉంటే నడుము మీద భారం పడదు. పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. బ్రేకు లివర్లు పిల్ల వేళ్లకు అందుతున్నాయా లేదా అన్నది తప్పక చూడాలి.

దుపట్టా, బుర్ఖా జాగ్రత్త

అడ్డబార్ లేని లేడీస్ ఫ్రేమ్ అయితే సల్వార్‌తోనైనా, బుర్ఖాతోనైనా ఎక్కి దిగడం తేలిక. అవసరమైతే అమ్మీ కూడా బజారుకు తీసుకెళ్లవచ్చు, లుంగీ కట్టిన అబ్బాకూ ఇబ్బంది ఉండదు. చైన్‌కు నిండు కవరు, వెనుక చక్రానికి జాలీ ఉండి తీరాలి. దుపట్టా కొస ఊచల్లో చుట్టుకుంటే పడిపోవడమే కాదు, మెడకు బిగుసుకోవచ్చు. బయల్దేరే ముందు దాన్ని ముడేసుకోవడం మంచిది.

మన నేలకు ఏది మేలు?

పత్తి, మిర్చి పండే ఈ నల్లరేగడిలో వాన పడితే బంక మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చేరి చక్రాన్నే ఆపేస్తుంది. అందుకే ఆ రెండింటి మధ్య వేలు దూరేంత ఖాళీ ఉండాలి. పెద్ద పెద్ద గడ్లున్న లావు టైరు తారు రోడ్డు మీద బరువుగా లాగుతుంది. ఓ మాదిరి వెడల్పున్న టైరు చాలు.

మైదానం ఊళ్లలో గేర్ల అవసరం పెద్దగా రాదు. చవక షాక్ అబ్జార్బర్లు బరువు పెంచుతాయి, తొక్కిన బలంలో కొంత మింగేస్తాయి. వాటికి పెట్టే డబ్బుతో స్ప్రింగుల సీటు, మంచి బ్రేకులు, గట్టి క్యారియర్ తీసుకుంటే రోజూ పనికొస్తాయి. మిర్చి సీజన్‌లో యార్డుకు వెళ్లే లారీలతో రోడ్లు రద్దీగా ఉంటాయి కాబట్టి బెల్లు, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు లేని సైకిల్ వద్దు.

కొత్తది కొనలేకపోతే పాతదైనా ఫర్వాలేదు. చక్రం తిప్పి చూస్తే వంకర తెలుస్తుంది, ఫ్రేము అతుకుల దగ్గర పగుళ్లు లేకుంటే చాలు. ఎదిగిన పిల్లకు చిన్నదైపోయిన సైకిల్ చెల్లికి వస్తుంది. ఏది కొన్నా తొక్కాల్సిన పిల్లను షాపుకు వెంట తీసుకెళ్లాలి. డబ్బు ఇచ్చే ముందు ఆ వీధిలో రెండు రౌండ్లు తొక్కిస్తే, సరిపోయిందో లేదో పిల్లే చెబుతుంది.